వార్డులో పరిశోధన, 4వ పాఠం: జబ్బు ఎప్పుడు మొదలైంది?

ఈసారి ర్యాంకిన్ స్కేలు, అంటే స్ట్రోక్ (పక్షవాతం) తర్వాత మనిషి తన పనులు ఎంతవరకు చేసుకోగలడో కొలిచే పద్ధతి, చెప్తానన్నాను. మీరు పంపిన ఫారాలు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. స్ట్రోక్ పేషెంట్ల కోసం ఒక పేజీ ఫారం తయారు చేసి, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో ఎవరి వార్డులో వాళ్ళు నింపి చూడమన్నాను కదా, అందులో కోడ్ నంబరు, వయసు, బీపీ, షుగర్, సీటీ రిపోర్టు అన్నీ బాగానే వచ్చాయి. "మొదలైన సమయం" గడి దగ్గరే దాదాపు అందరూ బోల్తాపడ్డారు. ఒకరు "పొద్దున" అని రాశారు. ఒకరు "5:30" అన్నారు, అది తెల్లవారుజామా, సాయంత్రమా దేవుడికే తెలియాలి. ఇంకొకరు తెలియలేదని సున్నా పెట్టారు. సున్నా పెడితే కంప్యూటర్ దాన్ని అర్ధరాత్రి 12 అనుకుంటుంది బాబూ. తెలియకపోతే "తెలియదు" అని రాయండి. అడగడం మర్చిపోతే అది వేరే కోడ్, ఆ రెంటినీ కలపొద్దు.

ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం సంగతి మళ్ళీ ఎత్తను, అవి లేకుండా ఎవరూ ముందుకు పోరు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి ఒక రైతును తెచ్చారనుకోండి. రాత్రి 9:30కి తిని పడుకున్నాడు, 5:30కి లేచి చూస్తే కుడి చెయ్యి లేవడం లేదు, 8 గంటలకు ఆసుపత్రికి చేరాడు. మీరంతా మొదలైన సమయం 5:30 అని రాస్తారు. అది ఇంట్లోవాళ్ళు చూసిన టైం, జబ్బు మొదలైన టైం కాదు. స్ట్రోక్ పరిశోధనలో గడియారం మొదలయ్యేది మనిషి బాగున్నట్టు చివరిసారి తెలిసిన క్షణం నుంచి. అంటే ఇక్కడ 9:30. మీ లెక్కలో అతను రెండున్నర గంటల్లో వచ్చాడు, అసలు లెక్కలో పదిన్నర గంటలైంది. రక్తపు గడ్డ కరిగించే మందు ఆల్టిప్లేస్‌కు 1995లో అమెరికాలో వచ్చిన ఎన్‌ఐఎన్‌డీఎస్ ట్రయల్ 3 గంటల గడువు పెట్టుకుంది, 2008లో యూరప్ ట్రయల్ దాన్ని నాలుగున్నరకు తీసుకెళ్ళింది. నిద్రలో వచ్చిన స్ట్రోకుకు ఎంఆర్‌ఐ చూసి మందు ఇచ్చే దారి 2018లో దొరికింది గానీ, అప్పుడు కూడా గడిలో 5:30 రాయమని ఎవరూ చెప్పలేదు. మీ ఫారంలో ఇలాంటి వాళ్ళు పది మంది చేరితే ఏమవుతుంది? "తొందరగా వచ్చినవాళ్ళు" అన్న గుంపులో నిజానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూర్చుంటారు, తొందరగా వచ్చినా లాభం లేదని మీ టేబుల్ చెప్తుంది, మీరు దాన్ని కాన్ఫరెన్సులో చదువుతారు.

మరి ఎలా అడగాలి? తీసుకొచ్చిన కొడుకును అడిగితే చాలదు, అతను హైదరాబాద్ నుంచి వచ్చి ఉండొచ్చు. ఆ ఇంట్లో పడుకున్నది ఎవరో కనుక్కోండి. "రాత్రి ఒంటికి (మూత్రానికి) లేచాడా, ఎలా నడిచాడు?" అని అడగండి. రెండింటికి లేచి మంచిగ నడిచి పోయొచ్చాడని భార్య చెప్తే మీ టైం 2:00కు జరుగుతుంది. నేనైతే ఫోన్ తీయించి కాల్స్ చూస్తాను, కానీ ఫోన్లో మాట బాగుందంటే చెయ్యి కూడా బాగుందని కాదు, అది గుర్తుంచుకోండి. "అయిదున్నరకేనా పెద్దాయనా?" అని మాత్రం అడగొద్దు, తెల్లకోటు వేసుకుని ఏది అడిగినా "ఔ సార్" అనే అంటారు. "అంబటాళ్లకు" (అంబలి తాగే పొద్దుకు) అని వాళ్ళంటే ఆ మాటను అలాగే రాసి, పక్కన గంటలు వేయండి. నేను 24 గంటల గడియారమే వాడతాను, కాగితం మీదే రాస్తాను, ఫోన్‌లో నింపే ఫారాలు నాకు నచ్చవు.

అన్ని జబ్బులకూ గంటలు అడగాలని కాదు. మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరోసిస్‌తో వెన్నులో ఎముక పెరిగి, వెన్నుపాము నొక్కుకుపోయి, కాళ్ళు బిగుసుకుపోయిన పేషెంటు వస్తే అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా వచ్చింది. ఒకతను అలాంటి మనిషికి తేదీ కూడా వేశాడు! అక్కడ అడగాల్సింది పనుల గురించి: కింద కూర్చోవడం ఎప్పుడు మానేశావు, పొలానికి పోవడం ఎప్పుడు ఆపావు, కట్టె ఎప్పుడు పట్టావు. వచ్చే జవాబు "పెద్దబిడ్డ పెళ్ళి అయిన ఏడాది" అంటే ఆ ఏడాది రాయండి, నెల అక్కర్లేదు.

అభ్యాసం: ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకే పేషెంటు తాలూకు వాళ్ళను వేర్వేరుగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా అడగండి. పది మంది పేషెంట్లు కావాలి, కనీసం ముగ్గురు నిద్రలో జబ్బు వచ్చినవాళ్ళు ఉండాలి. ఇద్దరి టైములూ, వాటి తేడా నిమిషాల్లో, తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం రాసి పంపండి. తేడా లేదని పంపిన జంటను మళ్ళీ అడిగి రమ్మంటాను.