అగాదిర్‌లో సోమవారం సంతకు వెళ్లకండి
మొరాకోలోని అగాదిర్‌కు వెళ్తుంటే ఒక్క మాట. అక్కడి పెద్ద సంత సూక్ అల్ హద్‌కు సోమవారం సెలవు. ఆ రోజు బీచ్‌కో, కొండ మీది పాత కోట కస్బాకో పెట్టుకోండి. కస్బాకు కేబుల్ కార్ ఉంది. కానీ వేసవిలో పొద్దున్నే ఎక్కకండి. అట్లాంటిక్ నీళ్లు చల్లగా ఉండటంతో తరచూ పొగమంచు కమ్మేస్తుంది, కింద ఏమీ కనిపించదు. సాయంత్రం వెళ్తే తీరమంతా కళ్ల ముందు ఉంటుంది. ఆ గోడల దగ్గర కాసేపు ఆగండి. 1960 ఫిబ్రవరి 29 నాటి భూకంపంలో పాత ఊరు నేలమట్టమైంది. కింద కనిపించే నగరం దాదాపు మొత్తం ఆ తర్వాత కట్టుకున్నదే. తిరగడానికి నారింజ రంగు చిన్న ట్యాక్సీలు చాలు. ముగ్గురికి మించి ఎక్కించుకోరు, ఎక్కగానే మీటర్ వేయమనండి. కొండ పైన గాలి చల్లగా కొడుతుంది, పిల్లలకు స్వెటర్ మర్చిపోవద్దు.