చెన్నై ఉక్కలో కరెంటు మెషిన్‌తో సిగరెట్లు

ఖాళీ సిగరెట్ గొట్టాల్లో పొగాకు నింపే కరెంటు మెషిన్ రాగానే నింపేయకండి, ముందు పొగాకు సంగతి చూడండి. ఇక్కడి గాలిలో తేమకి డబ్బా మూత తీసిపెడితే చాలు, పొగాకు మెత్తబడి ముద్దకట్టి మెషిన్‌లో ఇరుక్కుంటుంది, వేళచ్చేరిలో మా ఇంట్లో మొదటివారమంతా ఇదే గోల. పేపర్ మీద పలచగా పరిచి ఫ్యాన్ కింద కాసేపు ఆరనివ్వండి, నలిపితే పొడి అయ్యేంత మాత్రం వద్దు. కాడలుంటే ఏరేయండి, గొట్టాన్ని చీల్చేవి అవే.

ఫిల్టరున్న ఖాళీ గొట్టాన్ని (కింగ్ సైజు అంటే సుమారు 84 మిల్లీమీటర్లు) మెషిన్ మూతికి పూర్తిగా తొడిగాకే బటన్ నొక్కాలి. తొట్టిలో పొగాకు కుక్కారంటే సిగరెట్ బిగుసుకుపోయి పొగ రాదు. ఇంట్లో చేసినంత మాత్రాన హాని తగ్గదులెండి, అది వేరే విషయం. ఇరుక్కుంటే ముందు ప్లగ్ పీకి, ఆ తర్వాతే బ్రష్.