మోరోవిండ్‌లో కత్తి ఎందుకు తగలదు, దారి ఎందుకు దొరకదు

2002లో వచ్చిన మోరోవిండ్ అనే కంప్యూటర్ ఆట ఇవాళ పాత లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. విసుగు పుట్టేది మొదటి ఊరు సెయ్డా నీన్‌లోనే. కత్తి ఎలుక ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. ఇది బగ్ కాదు, లెక్క.

ఆయుధ నైపుణ్యానికి అజిలిటీ (చురుకుదనం)లో ఐదో వంతు, లక్ (అదృష్టం)లో పదో వంతు కలుపుతారు. ఒంట్లో ఓపికను చూపే ఫెటీగ్ అనే పచ్చ గీత నిండుగా ఉంటే ఆ మొత్తాన్ని 1.25తో, ఖాళీ అయితే 0.75తో గుణిస్తారు. ఎదుటివాడు తప్పించుకునే శక్తిని చివర్లో తీసేస్తారు. మిగిలిందే దెబ్బ తగిలే శాతం.

ఆట మొదట్లో వచ్చే సెన్సస్ ఆఫీసులో బల్ల మీద ఇనుప బాకు ఉంటుంది. లాంగ్ బ్లేడ్ (పొడుగు కత్తి) నైపుణ్యం ఎంచుకున్నవాళ్లు కూడా దాన్నే పట్టుకుని బయల్దేరతారు. బాకు షార్ట్ బ్లేడ్ (పొట్టి కత్తి) అనే వేరే నైపుణ్యం కిందికి వస్తుంది. ఎంచుకోని నైపుణ్యం, జాతి వరాలేమీ కలవకపోతే, 5 దగ్గర ఉంటుంది. అజిలిటీ, లక్ 40 చొప్పున అనుకుంటే 5+8+4, అంటే 17. పచ్చ గీత ఖాళీ అయ్యాక ఆయాసంతో కొడితే 13 శాతం కూడా రాదు. అదే మేజర్ (మొదట్లో ముఖ్యంగా ఎంచుకున్న) నైపుణ్యమైతే 30తో మొదలు. పచ్చ గీత నిండాక కొడితే, ఎదుటివాడి శక్తిని తీయకముందు, 52 శాతం. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా పరుగున ఎక్కి, పైన కర్రసాము చేయమంటే ఎవరి చేతులు ఆడతాయి? కాబట్టి శత్రువు కనబడగానే కాప్స్ లాక్ నొక్కి నడకలోకి రండి. ఎంచుకున్న రకం ఆయుధం ఆ ఊరి వ్యాపారి అర్రిల్ అంగట్లో కొనండి. సెన్సస్ ఆఫీసు ఆవరణలోని పీపాలో దొరికే ఉంగరాన్ని ఆ ఊళ్లోనే ఉండే ఫార్గోత్‌కు ఇచ్చేస్తే అర్రిల్ దగ్గర బేరం కాస్త కుదురుతుంది.

మేజర్, మైనర్ (రెండో వరసలో ఎంచుకున్న) నైపుణ్యాలు కలిపి 10 మెట్లు పెరిగాక నిద్రపోతే లెవెల్ వస్తుంది. ముందర ఎండ్యూరెన్స్ (ఒంటి దృఢత్వం) పెంచండి. అందులో పదో వంతు ప్రతి లెవెల్‌కీ ప్రాణంలో కలుస్తుంది, ఆలస్యంగా పెంచితే పోయిన లెవెల్స్‌ది తిరిగి రాదు.

ఇక దారులు. ఈ ఆటకు అసలు అందం ఇక్కడే ఉంది. ఎక్కడికి వెళ్లాలో చూపే బాణం మ్యాప్ మీద ఉండదు. లీలామహల్ సర్కిల్ దాటి ఎడమకు తిరిగి మళ్లీ ఎవర్నైనా అడుగు అన్న మాదిరి, కోటలూ వంతెనలూ గుర్తులుగా మనుషులు చెబుతారు. ఆ మాటలు జర్నల్‌ (ఆటలోని డైరీ)లో ఉంటాయి, బయల్దేరే ముందు మళ్లీ చదవండి. బాల్మోరా అనే ఊళ్లో మొదటి పనికి ఆర్క్‌న్‌థాండ్ శిథిలాలకు పంపుతారు. అక్కడ తలుపు ఎంత నొక్కినా తెరుచుకోదు. దగ్గర్లో ఒక గొట్టానికి తిప్పుడు పిడి ఉంటుంది, దాన్ని తిప్పాలి.

జర్నల్ మాత్రం చెత్తగా ఉంటుంది, అన్నీ తేదీల వరసలోనే. ట్రైబ్యునల్ అనే విస్తరణ (ఆటకు అదనంగా వచ్చిన భాగం) వేసుకుంటే క్వెస్టుల (అప్పగించిన పనుల) వారీగా చూడొచ్చు. అయితే దాంతోపాటు నిద్రలో హంతకులు వస్తారు, మీరింకా మొదటి లెవెల్‌లో ఉన్నా సరే. పడుకునే ముందు సేవ్ చేయండి. గెలిస్తే వాళ్ల కవచం అమ్ముకోవచ్చు.