ధ్యాసను దారిలో పెట్టడం: ఆందోళన ఉన్నవాళ్లకు 12 నిమిషాల సాధన

సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్లో అంత గోలలోనూ పక్కనున్న మనిషి మాట మనకు అర్థమవుతుంది. అనౌన్స్‌మెంట్లు, అడుగుల చప్పుడు, ఎవరిదో ఫోను, అన్నీ చెవిలో పడుతూనే ఉంటాయి. వాటి జోరు తగ్గించి, కావలసిన గొంతును మాత్రం ముందుకు తెచ్చేది మెదడు. 1953లో కాలిన్ చెర్రీ దీన్ని ప్రయోగాల్లో పరిశీలించాడు. 1959లో నెవిల్ మోరే ఇంకో సంగతి పట్టుకున్నాడు: పట్టించుకోవద్దన్న చెవిలో తమ పేరు పలికితే దాదాపు మూడోవంతు మందికి అది వినబడింది. అంటే ఈ జల్లెడ పూర్తిగా మూసుకోదు. మనకు ముఖ్యమనిపించినదానికి కాస్త సందు వదులుతుంది.

ఆందోళన దూరేది ఆ సందులోంచే. కంగారులో ఉన్న మెదడు ప్రమాదానికి సంబంధించిన ప్రతిదాన్నీ ముఖ్యమనే లెక్కలో వేస్తుంది. 1986 నాటి ఒక ప్రయోగంలో తెర మీద రెండు మాటలు చూపించి, తర్వాత వాటిలో ఒకదాని చోట చుక్క పెట్టారు. భయం పుట్టించే మాట ఉన్న చోట చుక్క వస్తే ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లు దాన్ని త్వరగా పట్టుకున్నారు. వాళ్ల ధ్యాస అప్పటికే అక్కడ ఉంది. గుండె కొంచెం వేగంగా కొట్టుకున్నా, మేనేజరు "ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టినా మిగతా లోకమంతా వెనక్కి పోవడానికి కారణం ఇదే.

మెదడు కాండంలోని ఒక్క భాగమే ఈ వడపోతంతా చేస్తుందని చాలా వీడియోల్లో చెబుతుంటారు. ఆ భాగం ముఖ్యంగా మెలకువను నిలిపి ఉంచుతుంది. వడపోతలో కళ్లు, చెవుల నుంచి వచ్చే కబుర్లను మెదడులో ముందుకు పంపే థాలమస్, నుదుటి వెనకున్న భాగం, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా, ఇంకా చాలా భాగాలు కలిసి పనిచేస్తాయి. నొక్కితే ఆగిపోయే స్విచ్ ఏదీ లేదు గానీ, ధ్యాసను తిప్పే నేర్పు సాధనతో వస్తుంది.

ఆలోచనను బలవంతంగా తోసేయబోతే అది మరింత గట్టిగా తిరిగొస్తుంది. మందు మింగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదంటే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందుకే కింది సాధనలో ఆలోచనను తోసే పనే ఉండదు. 1990లో ఏడ్రియన్ వెల్స్ అనే క్లినికల్ సైకాలజిస్టు (మానసిక సమస్యలకు మందుల్లేకుండా చికిత్స చేసే నిపుణుడు) ప్రకటించిన పద్ధతి ఇది.

కుర్చీలో కూర్చోండి. కళ్లు తెరిచి గోడ మీద ఒక చుక్కను చూడండి. కళ్లు మూస్తే ధ్యాస లోపలికి, ఒంట్లోకి జారిపోతుంది. కనీసం ఆరు శబ్దాలు ఎంచుకోండి, దగ్గరవీ దూరానివీ, తలా ఒక దిక్కు నుంచి వచ్చేవి. ఇంట్లో ఫ్యాను, గడియారం, వంటింట్లో ఫ్రిజ్, ఒక మూల చిన్నగా పెట్టిన రేడియో, బాల్కనీలో పావురాలు, రోడ్డు మీది ఆటోలు చాలు.

మొదటి 5 నిమిషాలు ఒక్కో శబ్దానికి సుమారు 50 సెకన్లు ఇవ్వండి. ఆ సేపు మిగతావన్నీ నేపథ్యమే. ఫ్యానునే తీసుకోండి. మొదటి పది సెకన్లలో అది ఒకటే హోరు. ఇంకాస్త వింటే రెక్కలు గాలిని కోసే చప్పుడు వేరుగా, పైన రాడ్డు దగ్గర వదులైన కప్పు టిక్కుటిక్కుమనడం వేరుగా విడివడతాయి. అలా విడివడిందంటే ధ్యాస నిజంగా అక్కడికి చేరినట్టు.

తర్వాతి 5 నిమిషాలు శబ్దం నుంచి శబ్దానికి మారండి. మొదట పది సెకన్లకోసారి, తర్వాత ఐదు సెకన్లకోసారి. కష్టం ఇక్కడే, ఫలితం కూడా ఇక్కడే ఎక్కువ. ఆందోళనలో ధ్యాస ఒకేచోట అతుక్కుపోతుంది. దాన్ని ఊడదీసి ఇంకోచోట పెట్టే కసరత్తు ఇది. చివరి 2 నిమిషాలు అన్ని శబ్దాలనూ ఒకేసారి వింటూ ఎన్ని వినబడుతున్నాయో లెక్కపెట్టండి.

మధ్యలో ఆలోచనలు వస్తాయి, రానివ్వండి. వాటినీ ఇంకో చప్పుడనుకుని, వదిలిన శబ్దానికి తిరిగి రండి.

ఎక్కువమంది చేసే పొరపాటు, గుండె దడ మొదలయ్యాక తప్పించుకోవడానికి దీన్ని పట్టుకోవడం. అలా చేస్తే ఆ దడ దానంతటదే తగ్గుతుందన్న సంగతి మెదడుకు ఎప్పటికీ తెలియదు. నెమ్మదిగా ఉన్నప్పుడే, రోజూ ఒకే వేళకు, కనీసం నాలుగు వారాలు చేయండి. రెండో పొరపాటు, "కంగారు తగ్గిందా" అని మధ్యమధ్య చూసుకోవడం. అలా చూసుకోవడమంటే ధ్యాసను మళ్లీ ఒంట్లోకి తిప్పడమే. కొలవాల్సింది ఒక్కటే: ధ్యాస పూర్తిగా నా మీదే ఉంటే మైనస్ 3, పూర్తిగా బయటే ఉంటే ప్లస్ 3. సాధనకు ముందూ తర్వాతా ఆ అంకె నోటుబుక్కులో రాయండి.

పగలంతా వచ్చే చింతలకు ఒక వేళ కేటాయించండి. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి 30 నిమిషాలు, పడుకునే ముందు మాత్రం వద్దు. మిగతా వేళల్లో వస్తే చీటీ మీద రెండు మాటలు రాసి దాటేయండి. ఆ వేళకు తీసి చూస్తే కొన్ని చీటీల్లో అసలు పసే ఉండదు. మిగిలినవాటికి రేపు చేయగల పనేదైనా ఉంటే రాసుకోండి.

వరసపెట్టి ఇరానీ చాయ్ తాగినా, నిద్ర చాలకపోయినా దడ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది, కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం కొత్తగా వస్తే ఈ సాధనలేవీ వద్దు, 108కి ఫోన్ చేయండి.

నిద్ర, ఉద్యోగం, తిండి దెబ్బతింటున్నా, చనిపోవాలనిపిస్తున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికీ వెళ్లొచ్చు. ఆ ఊరి పేరును తిట్టుగా వాడే అలవాటు మన నగరంలో చాలామందిని చికిత్సకు దూరం చేసింది. అక్కడి ఓపీ కూడా మిగతా ఓపీల్లాంటిదే. వెళ్లేటప్పుడు అంకెలు రాసిన నోటుబుక్కు పట్టుకెళ్లండి, ఏ వేళల్లో ధ్యాస లోపలికి జారుతోందో డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది.