కాలనీ రోడ్డు పనికి లెక్క అడగడం ఎలా?

హైదరాబాద్‌లో రోడ్డు బాగాలేదని ఫిర్యాదు చేయని కాలనీ దాదాపు లేదు. అయితే ఆ ఫిర్యాదుల్లో చాలావరకు గుంత ఫోటోతో మొదలై, నాలుగు తట్టల తారు కంకరతో ముగిసిపోతాయి. గుంత పూడ్చమని అడగడం వేరు. ఈ రోడ్డు ఎవరు వేశారు, ఎంత మందాన వేశారు, ఎన్నాళ్ల వరకు మరమ్మతుల బాధ్యత కాంట్రాక్టరుదే అని అడగడం వేరు. ఈ రెండో ప్రశ్న వేయాలంటే కాలనీ సంక్షేమ సంఘానికి ఒక ఫైలు, దాన్ని చదివే ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండాలి.

మొదట రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. లోపలి వీధులు సాధారణంగా నగరపాలక సంస్థవి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలోనివి కంటోన్మెంట్ బోర్డువి. విజయవాడ, ముంబయి వైపు వెళ్లేవి జాతీయ రహదారులు. ప్రధాన రోడ్ల సంగతి ఇంకాస్త చిక్కు. 2019 చివర్లో 709 కిలోమీటర్ల మేర వాటి నిర్వహణను ఐదేళ్లకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు కనుక, అలాంటి రోడ్డయితే ఒప్పందం నడుస్తున్నదీ లేనిదీ, ప్రస్తుత బాధ్యత ఎవరిదన్నదీ లిఖితపూర్వకంగా అడగడమే మేలు. పొంగే మ్యాన్‌హోల్ మాత్రం నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ అయిన జలమండలి పని. దాన్ని రోడ్డు ఫిర్యాదులో కలిపి రాస్తే రెండు కార్యాలయాలూ ఒకదాని మీదకు మరొకటి నెట్టేసే వీలు కలుగుతుంది.

తర్వాత కాగితాలు. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో సర్కిల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇచ్చి నాలుగు పత్రాలు కోరాలి: మంజూరైన ఎస్టిమేట్, కాంట్రాక్టు ఒప్పందం, జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ (ఎంబీ) పేజీలు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం, ముగిసే తేదీ చూపే కాగితం. ‘మా రోడ్డు ఎందుకు పాడైంది’ అని అడిగితే సమాధానం రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది రికార్డులను, సంజాయిషీలను కాదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. చాలామందికి తెలియని మాట ఒకటుంది: అదే చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా పరిశీలించడానికీ, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడానికీ పౌరులకు హక్కు ఉంది.

ఎంబీని చూసి బెదరనక్కరలేదు. అందులో ముఖ్యంగా ఉండేది పొడవు, వెడల్పు, మందం. రెండు వందల మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న వీధికి 30 మిల్లీమీటర్ల తారు పొర రాశారనుకుంటే అది 36 ఘనపు మీటర్లు. వీధిలో నిజంగా పడింది 25 మిల్లీమీటర్లే అయితే 30 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్లు కాగితం మీదే ఉన్నాయన్న మాట. మందాన్ని రోడ్డు అంచు దగ్గర స్కేలుతో కొలిచి గొడవకు దిగకూడదు, ఎందుకంటే అంచు ఎలాగూ పలచబడుతుంది. పనిని చూసే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) సమక్షంలో, రోడ్డు పొరను గుండ్రంగా కోసి తీసే కోర్ కట్టర్‌తో రెండు మూడు చోట్ల నమూనా తీయమని కోరాలి. ఈ లెక్కను కాలనీ సమావేశంలో అందరి ముందూ చదివి వినిపించడం అవసరం. 2006 నుంచి మన పల్లెల్లో ఉపాధి హామీ పనులకు జరిగిన సామాజిక తనిఖీ ఇదే పద్ధతి. నగరంలో మాత్రం ఆ అలవాటు ఎందుకో పాదుకోలేదు.

పని జరిగే రోజున ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి. పాత రోడ్డు మీది దుమ్ము ఊడ్చి, పొరలు అతుక్కోవడానికి పలచగా ఎమల్షన్ (తారు ద్రావణం) చల్లిన తర్వాతే కొత్త పొర వేస్తున్నారా? మ్యాన్‌హోల్ మూతలను కొత్త మట్టానికి ఎత్తుతున్నారా? అన్నిటికంటే ముఖ్యమైనది వాలు, ఎందుకంటే తారుకు శత్రువు నిలవ నీరు. రెండున్నర శాతం వాలు నిర్దేశించిన ఆరు మీటర్ల రోడ్డుకు మధ్య భాగం అంచుల కంటే ఏడున్నర సెంటీమీటర్లు ఎత్తుండాలి. రోలర్ వెళ్లి రోడ్డు చల్లారాక ఒక బకెట్ నీళ్లు నడిమధ్యన పోస్తే, ఆ నీళ్లు కాలువ వైపు పోతున్నాయో అక్కడే మడుగు కడుతున్నాయో ఇంజినీరింగ్ చదవని వారికైనా తెలిసిపోతుంది. తేడా కనిపిస్తే తాపీగా, తేదీ వేసిన ఉత్తరంలో ఏఈకి రాసి, ఆయన పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు (ఈఈకి) ప్రతి పంపాలి. ఏఈ చేతిలో ఒకేసారి అనేక పనులు ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. మంచి ఏఈకి కాలనీ ఉత్తరం కాంట్రాక్టరును నిలదీయడానికి ఆసరా అవుతుంది.

తవ్వకాల క్రమం మరో తలనొప్పి. ఎస్టిమేట్ దశలోనే జలమండలికి, విద్యుత్ సంస్థకు, కేబుల్ సంస్థలకు ఉత్తరాలు రాసి, రాబోయే పనులేమైనా ఉంటే ముందే ముగించమని కోరాలి. రోడ్డు వేశాక ఎవరైనా తవ్వితే రోడ్ కటింగ్ అనుమతి పత్రం చూపమనాలి.

ఇక మన ఇళ్ల ముందు సంగతి. గేటు ర్యాంపును కాలువ మీదుగా రోడ్డులోకి దింపి, వాన నీటికి దారి మూసేసిన ఇంటివారు కాంట్రాక్టరు నాణ్యత గురించి మాట్లాడితే అధికారులు నవ్వుకుంటారు. సంఘం ముందుగా ఆ ర్యాంపులు సరిచేయించాలి.

డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగియడానికి కనీసం మూడు నెలల ముందు ఉమ్మడి తనిఖీ కోరుతూ ఉత్తరం ఇవ్వాలి. కాంట్రాక్టరు సెక్యూరిటీ డిపాజిట్ కార్యాలయం దగ్గరే ఉంటుంది గనుక, ఫోటోలు, కొలతలతో లోపాల జాబితా ఇచ్చి, అవి సరిచేసే వరకు ఆ సొమ్ము విడుదల చేయవద్దని ఈఈని కోరాలి. అందినట్టు ముద్ర వేయించుకున్న ప్రతిని ఫైలులో పెట్టుకోవాలి.