వరద తీశాక పాత గుడి రాళ్లు కడిగే ముందు జాగ్రత్తలు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం మొదటి హెచ్చరిక 11.75 అడుగుల కిందికి దిగి, గుళ్లో నీరు పూర్తిగా లాగాకే మొదలుపెట్టండి.

మెయిన్ స్విచ్ ఆపండి. ప్రాకారం మూలల్లో పాములు చేరతాయి, కర్రతో తట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

ఒండ్రు పచ్చిగా ఉండగానే తీసెయ్యాలి. ఎండితే శాసనాల గాట్లలో బిగుసుకుపోతుంది. అప్పుడు గీకితే మట్టితో పాటు అక్షరం అంచూ ఊడొస్తుంది. మెత్తటి నైలాన్ బ్రష్, బకెట్ నీళ్లు చాలు. ఇనప బ్రష్, యాసిడ్, ప్రెషర్ పంపు అసలొద్దు. నీళ్లు రుచి చూడండి: కోనసీమలో సముద్రం వైపు ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే, రాయి ఆరేకొద్దీ లోపల ఉప్పు గడ్డకట్టి పైపొర పెచ్చులుగా రాలుతుంది.

పాత సున్నం పూత గీకొద్దు, కింద శాసనం ఉండొచ్చు. సందుల్లో సిమెంటు మెత్తొద్దు, తేమ బయటికి పోలేక రాతినే తింటుంది.

ద్రాక్షారామం లాంటి కేంద్ర రక్షిత ఆలయాల్లో పురావస్తు శాఖకు చెప్పకుండా ఏ పనీ చేయకూడదు.

కార్తీకం వచ్చేస్తోందని తడి గోడలకు రంగులు వేయించే తొందర మరీ ప్రమాదం. అసలు చెక్కిన రాతికి పెయింటే వద్దు.