నెల్లూరు జిల్లాలో యాత్రికుడిలా తిరగడం ఎలా

సెలవులకు వచ్చిన బంధువులను తెల్లవారుజామునే కారెక్కించి, జొన్నవాడలో కామాక్షమ్మ దర్శనం, పెంచలకోనలో నరసింహస్వామి దర్శనం, సాయంత్రానికి మైపాడు సముద్రం, రాత్రికి మళ్ళీ నెల్లూరు అన్న పద్ధతిలో నేను చాలా ఏళ్ళు తిప్పాను. అందరూ సంతోషంగానే వెళ్ళేవారు. అయితే ఒక ఏడాది మా చిన్నాన్న ఫోనులో ఒక గోపురం ఫొటో చూపించి, "ఇది జొన్నవాడా, పెంచలకోనా?" అని అడిగినప్పుడు, నేను వారికి మా జిల్లాను చూపించనే లేదని బాధ కలిగింది. ఊరు ఎదురుగా పెట్టినదాన్ని చూసి వెళ్ళిపోయేవారు పర్యాటకులు. ఆ ఊరికి ఏదో ఒక రకంగా బాకీ పడి, దాన్ని తీర్చుకోవడానికి మళ్ళీ వచ్చేవారు యాత్రికులు అని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. అలా బాకీ పడడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

మొదట ఒక్క ఊరినే ఎంచుకోండి, అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండేలా ఏర్పాటు చేసుకోండి. నన్ను అడిగితే కొండ మీద పాత దుర్గం ఉన్న ఉదయగిరి అంటాను. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం కనుక అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది, వేసవిలో కొండ ఎక్కడం ప్రాణాంతకం. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి.

నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్ల ఈ దారిలో కారు కన్నా ఆర్టీసీ బస్సు మేలు. కిటికీ పక్కన కూర్చుని, ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని బయటకు చూడండి: పచ్చదనం ఎక్కడ తగ్గుతోంది, ఎందుకు తగ్గుతోంది? సంగం దగ్గర పెన్నకు అడ్డంగా బ్రిటిషు కాలంలో ఆనకట్ట కట్టారు, 2022లో అక్కడే కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. ఆ నీరు కాలువల్లో పారినంత మేర వరి కనిపిస్తుంది. ఆత్మకూరు దాటి పడమటికి సాగేకొద్దీ నేల ఎర్రబడుతుంది, పొలాల మధ్య ఖాళీలు పెరుగుతాయి, మెట్ట మొదలవుతుంది. పక్క సీటులోని రైతును "అన్నా, ఇక్కడ ఏం పండిస్తారు?" అని అడిగితే, ఏ కరపత్రంలోనూ దొరకని సంగతులు, బోర్ల లోతు మొదలుకొని పిల్లల వలస వరకు, ఆయనే చెబుతారు. అడిగిన తర్వాత మధ్యలో అడ్డు రాకుండా వినడం మన వంతు.

కొండ మీది దుర్గానికి తెల్లవారగానే బయలుదేరాలి. నీళ్ళు, టోపీ, దారి తెలిసిన స్థానికుడు ఒకరు తప్పనిసరి. ఆయనతో కూలి ముందే మాట్లాడుకుని, దిగిన తర్వాత బేరమాడకుండా చెల్లించండి. ఒడిశాను ఏలిన గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో గెలిచారు; ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకువెళ్ళి హంపిలో ఆలయం కట్టించి ప్రతిష్ఠించారు. ఈ సంగతి తెలిసి శిథిలాల మధ్య నిలబడితే, ఖాళీ గోడలే మనతో చాలా మాట్లాడతాయి. గోడల మీద పేర్లు చెక్కినవారిని చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఊళ్ళోకి దిగి, కర్ర చెంచాలు, గరిటెలు చేసే ఇళ్ళకు వెళ్ళండి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఈ పనిలో మహిళలదే పెద్ద చేయి. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, కాసేపు చూడవచ్చా?" అని అడిగి, ఒప్పుకున్న తర్వాతే కూర్చోండి, కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ఒక గంట సేపు కదలకుండా చూస్తే, అడవి నుంచి వచ్చిన ముక్క ఎక్కడ చీలుతుందో, ఏ కర్ర దేనికి పనికివస్తుందో, చేతులు ఎక్కడ తెగుతాయో అర్థమవుతుంది. ఆ తర్వాత ధర తగ్గించమని అడగడానికి మనసు ఒప్పదు. నేను కొన్న గరిటె చేసిన అమ్మ, "పగిలితే తీసుకురండి, ఇంకొకటి ఇస్తాను" అన్నారు. అది ఇంతవరకు పగలలేదు, అయినా నేను రెండుసార్లు ఆ గుమ్మం ముందుకు వెళ్ళివచ్చాను.

భోజనం విషయం క్లుప్తంగా చెబుతాను. నెల్లూరు చేపల పులుసును వండిన పూటే తిని రుచి తేల్చకండి. మామిడికాయ పులుపు ముక్కకు పట్టడానికి సమయం కావాలి; మర్నాడు ఉదయం దాకా ఊళ్ళో ఉన్నవారికే అసలు రుచి తెలుస్తుంది.

ఇక నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర ముహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ. చెరువు ఒడ్డునే ఉన్న బారాషహీద్ దర్గాకు అన్ని మతాలవారూ వస్తారు. కోరిక తీరినవారు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవారు అది అందుకుని తింటారు. తీరితే తిరిగివచ్చి మరొకరికి ఇస్తారు. ఆరోగ్యానికి, సంతానానికి, చదువుకు, ఉద్యోగానికి, సొంత ఇంటికి వేరువేరు రొట్టెలు. గట్టు మీద నిలబడి ఫోనులో చిత్రించేవారు చాలామంది కనిపిస్తారు. మీరు చెప్పులు విప్పి, తల మీద గుడ్డ కప్పుకుని, చెరువులోకి దిగండి. ఎవరి రొట్టె అందుకుంటే వారి కథ అడగండి. వారు చెప్పాలనుకునే వస్తారు. వేడుక కోసం మాత్రం రొట్టె అందుకోవద్దు, ఎందుకంటే అది తీసుకున్నవారు తిరిగి రావాలి. ముహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి, ఇంటికి చేరగానే వచ్చే ఏడాది తేదీ చూసుకుని ఆ రోజులకు సెలవు అడిగి ఉంచండి.